‘ఏక్ దూజే కే లియే’: సినిమా, పాటలు, ‘మరో చరిత్ర’తో చుట్టరికం (తరచుగా అడిగే ప్రశ్నలు)

ఈ సినిమా గురించి నన్ను అడిగేవాళ్ళు రెండు రకాలు. దీని తెలుగు మాతృక ‘మరో చరిత్ర’ మీద ప్రాణం పెట్టుకుని, హిందీది దాని ముందు ఎందుకూ పనికిరాదనేవాళ్ళు ఒక రకం. ఇందులోని ‘తేరే మేరే బీచ్ మే’ పాట వింటూ పెరిగి, ఈ సినిమాకి తెలుగు మాతృక ఉందని ఆలస్యంగా తెలుసుకుని ఆశ్చర్యపోయేవాళ్ళు రెండో రకం. ఇద్దరికీ కలిపి ఒకేచోట రాసేస్తే నా పని తగ్గుతుందని ఇది మొదలుపెట్టాను.

అసలు ఇది ఏ సినిమా? ఎవరు తీశారు?

1981 జూన్‌లో విడుదలైన హిందీ ప్రేమకథ. దర్శకుడు కె. బాలచందర్. నిర్మాత మన ఎల్.వి. ప్రసాద్. కమల్ హాసన్‌కి హీరోగా ఇదే మొదటి హిందీ సినిమా. హీరోయిన్ రతి అగ్నిహోత్రి అంతకుముందే తమిళంలో పరిచయమైంది కానీ హిందీలో మాత్రం తొలి సినిమా ఇదే. మాధవి సంధ్య పాత్ర వేసింది. సంగీతం లక్ష్మీకాంత్–ప్యారేలాల్, పాటలు ఆనంద్ బక్షీ, ఛాయాగ్రహణం బి.ఎస్. లోకనాథ్. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం హిందీ శ్రోతలకు పరిచయమైంది కూడా ఈ సినిమాతోనే.

‘మరో చరిత్ర’ని హిందీలోకి డబ్ చేశారా?

లేదు, మళ్ళీ మొదటి నుంచి తీశారు. ‘మరో చరిత్ర’ 1978లో వచ్చిన బ్లాక్ అండ్ వైట్ సినిమా. హిందీది రంగుల్లో తీశారు. తెలుగులో తమిళ అబ్బాయి బాలు (కమల్), తెలుగు అమ్మాయి స్వప్న (సరిత), విశాఖ సముద్రం. హిందీలో తమిళ అబ్బాయి వాసు (మళ్ళీ కమలే), హిందీ మాట్లాడే అమ్మాయి సప్నా, గోవా సముద్రం. స్వప్న కాస్తా సప్నా అయింది గానీ పేరుకి అర్థం మారలేదు. మాధవి రెండింటిలోనూ ఉంది, పాత్ర పేరు కూడా సంధ్యే. సరిత స్థానంలో రతి రావడం చాలామందికి నచ్చలేదు, నాక్కూడా. సరిత కళ్ళలో ఉన్న ఆ మొండితనం ఇంకొకరికి రాదు. కానీ కథకి కావలసింది ఉత్తరాది అమ్మాయి కాబట్టి రతిని తప్పుపట్టలేం.

ఇంకో సంగతి. ‘మరో చరిత్ర’ తమిళనాడులో డబ్బింగ్ లేకుండా తెలుగులోనే ఆడింది. మద్రాసు సఫైర్ థియేటర్‌లో ఏడాదికి పైగా నడిచింది. భాష అడ్డం కాదని చెప్పే కథ, భాష రాని ఊళ్ళో అన్నాళ్ళు ఆడిందన్నమాట.

కథ ఏమిటి? (క్లైమాక్స్ చెప్పొద్దు.)

పక్కపక్క ఇళ్ళు. ఇటు తమిళ కుటుంబం, అటు హిందీ కుటుంబం. పెద్దవాళ్ళకి ఒకరంటే ఒకరికి పడదు. పిల్లలు ప్రేమించుకుంటారు. వాసుకి హిందీ రాదు, సప్నాకి తమిళం రాదు. గొడవ ముదిరాక పెద్దలు ఒక షరతు పెడతారు: ఏడాదిపాటు ఇద్దరూ కలవకూడదు, మాట్లాడుకోకూడదు, ఉత్తరాలు రాసుకోకూడదు. ఆ తర్వాత కూడా ప్రేమ నిలబడితే పెళ్ళి. వాసు గోవా వదిలి ఎక్కడికి వెళ్తాడో తెలుసా? హైదరాబాద్. అక్కడ సంధ్య దగ్గర హిందీ నేర్చుకుంటాడు. తమిళుడు హిందీ నేర్చుకోవడానికి హైదరాబాద్ రావడం మనకి నవ్వు తెప్పించొచ్చు గానీ, ఒకరకంగా సబబే. దక్షిణాదిలో ఉంటూ హిందీ చెవినపడే ఊరంటే అదేగా!

ఈ ఏడాదిలో ఎవరు ఎలా అడ్డుపడ్డారు, ఆఖరికి ఏమైంది అన్నది చూడనివాళ్ళ కోసం వదిలేస్తున్నాను. కింద ‘ముగింపు గొడవ’ దగ్గరికి వచ్చేసరికి మాత్రం దాచలేను, ముందే చెబుతున్నా.

ట్యూన్లు కూడా తెలుగువేనా?

కాదు. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. తెలుగులో సంగీతం ఎం.ఎస్. విశ్వనాథన్, పాటలు మనసు కవి ఆత్రేయ. హిందీలో ఒక్క ట్యూన్ కూడా అక్కడిది కాదు. కానీ సన్నివేశాలు అవే, పాట ఎందుకొస్తుందో ఆ కారణాలూ అవే. పైగా బక్షీ చాలాచోట్ల ఆత్రేయ పట్టుకున్న భావాన్నే పట్టుకుని, తన భాషలో తన తోవలో వెళ్ళాడు. అందుకే ట్యూన్ వేరైనా విన్న వెంటనే ‘ఇది ఆ పాటే కదా’ అనిపిస్తుంది.

మొత్తం ఎన్ని పాటలు, ఎవరెవరు పాడారు?

‘తేరే మేరే బీచ్ మే’, ‘హమ్ తుమ్ దోనో జబ్ మిల్ జాయేంగే’, ‘హమ్ బనే తుమ్ బనే’ – ఈ మూడూ లతా మంగేష్కర్, బాలు (ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం). ‘మేరే జీవన్ సాథీ’ బాలు, అనురాధా పౌడ్వాల్. ‘సోలా బరస్ కీ’ లతా పాడితే మొదట్లో వచ్చే సాకీ అనూప్ జలోటా పాడారు. ఇవికాక ‘తేరే మేరే బీచ్ మే’ విషాదంగా బాలు ఒక్కరే పాడినది మళ్ళీ ఉంటుంది.

బాలుని మొదట వద్దన్నారట, నిజమేనా?

నిజమే. హిందీ పాటకి ‘మద్రాసీ’ గొంతు న్యాయం చేయలేదేమోనని లక్ష్మీకాంత్–ప్యారేలాల్ మొదట వెనకాడారు. అప్పటికి బాలు ‘శంకరాభరణం’ పాడి జాతీయ అవార్డు తీసుకున్న గాయకుడు! అయినా బొంబాయికి ఆయన కొత్త. అప్పుడు బాలచందర్ అడ్డుపడి చెప్పిన కారణం నాకు ఎంతో ఇష్టం. మా హీరోకే హిందీ సరిగ్గా రాదు, కాబట్టి బాలు ఉచ్చారణలో ఏదైనా తేడా ఉన్నా అది పాత్రకి సరిపోతుంది అన్నారాయన.

చూడండి, ఆయన ‘బాలు హిందీ బ్రహ్మాండంగా ఉంటుంది’ అని వాదించలేదు. లోపం ఉంటే ఉండనీ, అది కథలోనే ఉంది అన్నాడు. నాకు తెలిసి ఈ సినిమా సంగీతం మొత్తానికి తాళంచెవి ఆ మాటే. ఇద్దరిలో ఒకరికి భాష రాదన్న సంగతిని ఈ పాటలు ఎక్కడా దాచిపెట్టవు. దాని మీదే కట్టిన పాటలివి.

మరి పాటల్లో యాస నిజంగా వినబడుతుందా?

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, లతా చరణం పూర్తయి బాలు అందుకునేచోట వినండి. లతా ఉర్దూ మీద పట్టుతో ప్రతి అక్షరాన్నీ పాలిష్ పెట్టినట్టు పలుకుతుంది. బాలు అదే లైను అందుకున్నప్పుడు కొద్దిగా మెత్తగా, కొద్దిగా జాగ్రత్తగా, కొత్త ఇంట్లోకి చెప్పులు విప్పి అడుగుపెట్టినట్టు ఉంటుంది. నా చెవికి అది తప్పులా వినబడదు, మర్యాదలా వినబడుతుంది. హిందీ మాతృభాష అయినవాళ్ళకి ఇంకాస్త తేడా తెలుస్తుందేమో. కానీ ఒక్కసారి విషాదం పాట వినండి. అక్కడికొచ్చేసరికి వాసు హిందీ నేర్చేసుకున్నాడు. బాలు గొంతులో ఆ జాగ్రత్త పోయింది, నొప్పి మాత్రమే మిగిలింది. కావాలని చేశారో, దానంతటదే కుదిరిందో గానీ కథకి అచ్చంగా సరిపోయింది.

‘తేరే మేరే బీచ్ మే’కి తెలుగులో ఏ పాట?

‘ఏ తీగ పువ్వునో ఏ కొమ్మ తేటినో’. సుశీలమ్మ పాట. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని వినడం ఒక సరదా.

తెలుగు పాటలో అమ్మాయి లైను పాడుతుంది. అబ్బాయికి అర్థం కాక తమిళంలో ‘అప్పడీన్నా?’ అంటాడు. అంటే ‘అంటే ఏంటి?’ అని. అమ్మాయి నవ్వుతుంది. ప్రేమ పాట మధ్యలో డౌటు అడిగే హీరోని నేను అంతకుముందు చూడలేదు. పాటలో అసలు భావమేమో, ఎక్కడో పుట్టిన పువ్వునీ ఇంకెక్కడో పుట్టిన తుమ్మెదనీ ఏ వింత అనుబంధం కలిపిందో అని.

బక్షీ ఆ వింత అనుబంధాన్ని ‘బంధన్ అంజానా’ అన్నాడు. తెలియని బంధం. ఆ తర్వాత ‘నాకూ తెలియలేదు, నీకూ తెలియలేదు’ అంటూ పల్లవిని ముగిస్తాడు. ఆత్రేయ ప్రకృతి నుంచి పోలిక తెచ్చుకుంటే, బక్షీ పచ్చి దారం తెచ్చాడు: ఒకరు లాగితే ఇంకొకరు పరుగెత్తుకొచ్చే పలచటి దారం, ‘కచ్చా ధాగా’. ఉత్తరాది వాళ్ళకి రాఖీ నుంచి సామెతల దాకా పచ్చి దారమంటే బలహీనంగా కనబడుతూ తెగని బంధం. అలా ఎవరి మట్టిలోంచి వాళ్ళు పోలిక తీసుకున్నారు. ఇందులో ఎవరు గొప్ప అని అడిగితే మాత్రం నా ఓటు ఆత్రేయకే. కారణం ‘అప్పడీన్నా’.

రాగం అడిగేవాళ్ళ కోసం: హిందీ పాటలో శివరంజని ఛాయ బాగా ఉంది. ఆ రాగానికున్న గుణమే అది. సంతోషంగా పాడినా వెనక ఎక్కడో ఒక దిగులు ఉంటుంది. అదే ట్యూన్‌ని తర్వాత విషాదానికి వాడినప్పుడు అతికించినట్టు అనిపించకపోవడానికి అదొక కారణం.

హిందీ పాట మధ్యలో బాలు ఏదో అంటారు, అది ఏ భాష?

తమిళం. ‘బాగానే పాడుతున్నావే’ అనే అర్థంలో ఒక చిన్న మాట. మన బాలు, తెలుగువాడు, హిందీ పాటలో తమిళంలో మాట్లాడటం! మీకు లిరిక్స్ సైట్లలో ఈ లైను చాలాచోట్ల దొరకదు, ఎందుకంటే రాసేవాళ్ళకి అది అర్థం కాదు.

లిఫ్ట్ పాటలో మాటలకి అర్థం లేనట్టుంది, ఎందుకలా?

అర్థం ఉంది, కాకపోతే వాక్యం లేదు. ‘మేరే జీవన్ సాథీ’, ‘ప్యార్ కియే జా’, ‘జవానీ దీవానీ’, ‘ఖూబ్‌సూరత్’, ‘జిద్దీ’, ‘పడోసన్’, ‘సత్యం శివం సుందరం’… ఇవన్నీ హిందీ సినిమాల పేర్లు. సప్నా అలిగి మాట్లాడదు, ఇద్దరూ లిఫ్ట్‌లో ఉంటారు. వాసుకి హిందీ రాదు, వచ్చిందల్లా సినిమా పేర్లు. వాటినే మాలకట్టి బతిమాలతాడు.

ఇది తెలుగు నుంచి వచ్చిన ఐడియానే. ‘మరో చరిత్ర’ లిఫ్ట్ పాట ‘కలసి ఉంటే కలదు సుఖము’ కూడా తెలుగు సినిమా పేర్లతో అల్లిందే. కానీ దీన్ని అనువాదం చేయడం కుదరదు కదా. ఆత్రేయ మాటల్లో ఒక్కటి కూడా బక్షీకి పనికిరాదు. ఆ భాషలో ఉన్న పేర్ల నుంచి మళ్ళీ మొదటి నుంచి అల్లుకోవాలి. పైగా ‘ఖూబ్‌సూరత్ జిద్దీ పడోసన్’ అని పక్కపక్కన పెట్టేసరికి ‘అందమైన మొండి పక్కింటమ్మాయి’ అని అర్థం వచ్చేసింది. సప్నా అక్షరాలా అదే. మూడు సినిమాల పేర్లతో హీరోయిన్ గురించి మొత్తం చెప్పేశాడు! గీతరచయితలందరూ ఈ ఒక్క ముక్కని గోడకి అంటించుకోవాలంటాను.

మన తాతల కాలం నుంచీ పత్రికల్లో సినిమా పేర్లతో ఉత్తరాలు రాసే సరదా ఉండేది. అది తెలిసినవాళ్ళకి ఈ పాట ఇంకా బాగా ఎక్కుతుంది.

‘సోలా బరస్ కీ’ అంటే ‘పదహారేళ్ళకు’ పాటేనా?

అవును. తెలుగులో ఎస్. జానకి పాడిన ‘పదహారేళ్ళకు నీలో నాలో’. అక్కడ ఆ వయసు చేసే చిలిపి పనులకి ‘కోటి దండాలు’. ఇక్కడ పదహారేళ్ళ లేతవయసుకి ‘సలామ్’. దండం కాస్తా సలాం అయింది. ఈ వరుసలో మాతృకకి బాగా దగ్గరగా ఉన్న పాట ఇదే అనుకుంటాను.

హిందీ పాటలో అదనంగా ఉన్నది అనూప్ జలోటా సాకీ. ఎన్ని నదులతో ఆర్పినా గుండెలో అంటుకున్నది ఆరదు అనే అర్థంలో మొదలవుతుంది. భజనలకి పేరుపడ్డ గొంతు అది. వెంటనే లతా గొంతులో పదహారేళ్ళు. ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడానే సగం అందం. తెలుగు పాట చూస్తే అమ్మాయి ఒంటరితనమే కనబడుతుంది, హిందీది మాత్రం ప్రేమించినవాళ్ళందరికీ కలిపి పెట్టిన నమస్కారంలా విస్తరించింది. నాకు రెండూ కావాలి.

‘హమ్ బనే తుమ్ బనే’?

హుషారు పాట, టైటిల్ ఇందులోంచే వచ్చింది. తెలుగులో దీని సాటి ‘భలే భలే మగాడివోయ్’ (ఎల్.ఆర్. ఈశ్వరి, బాలు). రెండింటిలోనూ ఇంగ్లీషు ముక్కలు దొర్లుతాయి, ఎందుకంటే ఇద్దరికీ కలిసే భాష అదొక్కటే. ఈశ్వరి గొంతులో ఉన్న ఆ కొంటెతనం ముందు లతా పాట కొంచెం పెద్దమనిషి తరహాలో ఉంటుందని నా అభిప్రాయం. తెలుగు పల్లవి ఎంత నిలబడిందంటే 2015లో నాని సినిమాకి అదే పేరు పెట్టుకున్నారు.

‘మరో చరిత్ర’ అనే పేరు హిందీలో ఎక్కడికి పోయింది?

పాటలోకి పోయింది! ‘హమ్ తుమ్ దోనో జబ్ మిల్ జాయేంగే’ తర్వాత వచ్చే మాటలు ‘ఏక్ నయా ఇతిహాస్ బనాయేంగే’. మనమిద్దరం కలిస్తే కొత్త చరిత్ర సృష్టిస్తాం అని. కలవలేకపోయినా సరే కొత్త చరిత్రే అని కూడా అంటారు. సినిమా పేరు మార్చినా తెలుగు పేరుని పల్లవిలో ఇలా దాచిపెట్టారు. దీన్ని నేను చాలా ఏళ్ళు గమనించలేదు. ఒకరోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని వింటుంటే ‘ఇతిహాస్’ దగ్గర తట్టింది. పక్క సీట్లో ఆయనకి చెప్పాలనిపించింది గానీ, ఆయన నిద్రపోతున్నాడు.

బ్రిట్నీ స్పియర్స్ పాటలో ఈ సినిమా సంగీతం ఉందంటారు, గాలి కబురేనా?

గాలి కబురు కాదు. ఆమె ‘టాక్సిక్’ పాటలో పదేపదే గింగిరాలు తిరిగే వయొలిన్ల ముక్క ‘తేరే మేరే బీచ్ మే’ నుంచి శాంపిల్ చేసినదే. 2003లో వచ్చిన ఆల్బమ్‌లోది ఆ పాట, తర్వాత గ్రామీ కూడా తీసుకుంది. పల్లవి ట్యూన్ కోసం వెతక్కండి, దొరకదు. వాళ్ళు తీసుకున్నది వయొలిన్ బృందం ఒక్కసారిగా పైకి లేచే చోటు.

అది యాదృచ్ఛికం కూడా కాదు. లక్ష్మీకాంత్ మాండొలిన్ మనిషి, ప్యారేలాల్ వయొలిన్ మనిషి. ప్యారేలాల్‌కి వయొలిన్ నేర్పింది గోవాకి చెందిన ఆంథోనీ గొన్సాల్వెస్. పెద్ద వయొలిన్ బృందాన్ని ఒక్క గొంతులా పరిగెత్తించడం వాళ్ళ సొంత ముద్ర. గోవా మాస్టారి శిష్యుడు గోవా కథకి కట్టిన వయొలిన్లు ఇరవై ఏళ్ళ తర్వాత అమెరికా డిస్కోల్లో మోగాయి. ఆ తరం పిల్లలకి ‘టాక్సిక్’ ముందు తెలిసి, ఆ తర్వాత అమ్మానాన్నల పాట వినబడితే ‘ఇది కాపీ’ అనుకున్నవాళ్ళున్నారు. మా ఇంట్లోనే ఒకడున్నాడు.

అవార్డులేం వచ్చాయి?

బాలుకి ‘తేరే మేరే బీచ్ మే’కి ఉత్తమ గాయకుడిగా జాతీయ అవార్డు. ఆయనకి వచ్చిన ఆరు జాతీయ అవార్డుల్లో మూడు తెలుగుకి, తమిళానికి ఒకటి, కన్నడానికి ఒకటి, హిందీకి ఈ ఒక్కటీ. వద్దనుకున్న గొంతుకి మొదటి హిందీ సినిమాతోనే దేశంలో అత్యున్నత బహుమతి!

ఫిల్మ్‌ఫేర్‌లో పదమూడు నామినేషన్లు వచ్చి మూడు దక్కాయి: పాటల రచనకి ఆనంద్ బక్షీ, స్క్రీన్‌ప్లేకి బాలచందర్, ఎడిటింగ్‌కి ఎన్.ఆర్. కిట్టూ. గాయకుడి ఫిల్మ్‌ఫేర్ మాత్రం ఆ ఏడాది బాలుకి రాలేదు, ‘లవ్ స్టోరీ’ పాటకి అమిత్ కుమార్ తీసుకున్నాడు. బాలుకి హిందీలో ఆ అవార్డు ‘మైనే ప్యార్ కియా’తో వచ్చింది.

ఎల్.వి. ప్రసాద్‌కి హిందీ సినిమాలతో ఏం పని?

ఆయన లేకపోతే ఈ సినిమా లేదు. ఏలూరు దగ్గర సోమవరప్పాడు నుంచి సినిమా పిచ్చితో బొంబాయి వెళ్ళిన మనిషి. 1931లో తొలి భారతీయ టాకీ ‘ఆలం ఆరా’లోనూ, అదే ఏడాది ‘కాళిదాస్’లోనూ, తర్వాత తొలి పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లోనూ కనిపించాడు. నిర్మాతయ్యాక ఆయనకో అలవాటు ఏర్పడింది: దక్షిణాదిలో గుండెల్ని తాకిన కథని తీసుకెళ్ళి హిందీలో చెప్పడం. ‘మూగమనసులు’ హిందీలో ‘మిలన్’ (1967) అయింది. దర్శకుడు ఆదుర్తి సుబ్బారావే. ‘బ్రతుకు తెరువు’ కథ ‘జీనే కీ రాహ్’ (1969) అయింది.

గమనించారా, ‘మిలన్’కి సంగీతం లక్ష్మీకాంత్–ప్యారేలాల్, పాటలు ఆనంద్ బక్షీ. అంటే తెలుగు కథకి హిందీ గొంతు ఇవ్వడం ఈ ముగ్గురికీ పద్నాలుగేళ్ళ పాత అలవాటు. గోదావరి పడవ మీది కథని ‘సావన్ కా మహీనా’ పాట దాకా తీసుకెళ్ళినవాళ్ళు, భీమిలి ఒడ్డు కథని గోవాకి తీసుకెళ్ళడంలో వింతేముంది?

ఇంకో చిన్న ముచ్చట: అదే 1981లో వచ్చిన ‘అమావాస్య చంద్రుడు’లో కమల్, మాధవిలతో కలిసి ప్రసాద్ గారు తాతయ్య వేషం కూడా వేశారు. తర్వాత ఆయనకి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది.

ఎక్కడ తీశారు?

హిందీది గోవాలో. దోనా పౌలా వెళ్తే గైడ్లు ఇప్పటికీ ఈ సినిమా పేరు చెప్పి ఫొటో దిగమంటారు. తెలుగుది విశాఖ, భీమునిపట్నం. భీమిలి ఒడ్డున గైడ్లెవరూ ఉండరు, మనమే మనవాళ్ళకి చూపించుకోవాలి.

ముగింపు గురించి అంత గొడవెందుకు జరిగింది?

ఇక్కడి నుంచి కథ తెలిసిపోతుంది. చివర్లో సప్నా మీద లైంగిక దాడి, వాసు మీద గూండాల దాడి, ఆ తర్వాత ఇద్దరూ కలిసి ప్రాణాలు తీసుకోవడం. సినిమా చూసి ప్రేమజంటలు అదే పని చేశాయని అప్పట్లో వార్తలొచ్చాయి. దాంతో ఆందోళన మొదలై, సుఖాంతం పెట్టి చూశారు. జనం ఒప్పుకోకపోవడంతో మళ్ళీ పాత ముగింపే వచ్చింది.

నా మాట సూటిగా చెబుతాను. ఆ ముగింపు నాకు ఏనాడూ నచ్చలేదు. షరతు అయిపోతోంది, హిందీ వచ్చింది, పెద్దవాళ్ళు మెత్తబడుతున్నారు. అప్పుడు కథతో సంబంధం లేని దుర్మార్గులొచ్చి అంతా పాడుచేస్తారు. అది ప్రేమ ఓడిపోవడం కాదు, రచయిత చెయ్యి దురుసు. చావులో ఏదో గొప్పతనం ఉన్నట్టు అనిపించేలా దాన్ని చిత్రించడం కూడా సరికాదు. ఇంట్లో పదహారేళ్ళ పిల్లలతో చూస్తే ఆ సంగతి మాట్లాడండి, టీవీ కట్టేసి వెళ్ళిపోకండి.

ఇప్పటి కళ్ళతో చూస్తే నిలబడుతుందా?

కొంత నిలబడదు. వెంటపడటమే ప్రేమ అన్నట్టుండే సీన్లు, అరుపులతో నడిచే కామెడీ ఉన్నాయి. నిలబడేది సప్నా. తల్లి వాసు ఫొటో కాల్చేస్తే, ఆ బూడిదని టీలో కలుపుకుని తల్లి కళ్ళముందే తాగేస్తుంది. ఒక్క డైలాగూ ఉండదు. కప్పు పైకెత్తుతుంది, తాగుతుంది, కింద పెడుతుంది. భాష గురించి ఇంత చెప్పే సినిమాలో బాగా గుర్తుండేది మాటే లేని సీను. రతి అగ్నిహోత్రిని నేను సరితతో పోల్చి తక్కువ చేశానని అనుకునేవాళ్ళకి, ఆ సీను విషయంలో క్షమాపణలు.

ముందు ఏది చూడాలి?

తెలుగు వచ్చినవాళ్ళు ‘మరో చరిత్ర’. హిందీ పాటలు ముందే తలలో ఉన్నవాళ్ళు కూడా ‘మరో చరిత్ర’. 2010లో తెలుగులోనే మళ్ళీ తీసిన దాని గురించి అడగొద్దు.

మా కాలనీ ఫంక్షన్‌లో ‘తేరే మేరే బీచ్ మే’ డ్యూయెట్ పాడాలనుకుంటున్నాం. సలహా ఏమైనా?

అమ్మాయి వైపు పాట చాలా ఎత్తులో ఉంటుంది, లతా శ్రుతి. అందుకని ముందే ట్రాక్‌ని ఒకటిన్నర మెట్టు దించుకోండి, లేకపోతే రెండో చరణానికి గొంతు పట్టేస్తుంది. అబ్బాయిలకి పాడటానికి తక్కువ లైన్లే ఉన్నా తేలిక అనుకోవద్దు. బాలు తగ్గి పాడినచోట మనం తగ్గకపోతే పాట చెడుతుంది. ‘ధాగే’లో ‘ధ’ ఒత్తు మింగేయకండి, ‘దాగే’ అంటే హిందీవాళ్ళు నవ్వరు గానీ ముఖాలు చూసుకుంటారు. లేదా బాలచందర్ మాట గుర్తుచేసుకుని ధైర్యంగా పాడేయండి, మీరూ వాసు లాంటివాళ్ళే.

ఒక్క హెచ్చరిక. కరోకే ట్రాక్‌లో తమిళ మాట వచ్చేచోట ఖాళీ ఉంటుంది, స్క్రీన్ మీద ఏమీ రాదు. మా అపార్ట్‌మెంట్‌లో సంక్రాంతికి ఒక అంకుల్, ఆంటీ కలిసి పాడినప్పుడు అంకుల్ అక్కడ ఆగిపోయి స్క్రీన్ వంక, మా వంక చూశారు. మ్యూజిక్ వెళ్ళిపోతోంది. ఆయనకి టెన్షన్. చివరి క్షణంలో ఆంటీ వైపు తిరిగి, మైకులోనే, అచ్చ తెలుగులో ‘బాగానే పాడుతున్నావే!’ అన్నారు. ఆంటీ నవ్వాపుకోలేక తర్వాతి లైను మిస్సయ్యారు. ఆ పూట పాడిన వాటిలో చప్పట్లు బాగా పడింది దానికే.